ఊదా వెలుగులో మూలమట్టం

కొత్తవాళ్లు ఎవరైనా ఆ ప్రయోగశాలలో అడుగుపెడితే చాలు, ఊదా అత్త వాళ్ల భుజం పట్టుకుని తిన్నగా ఉక్కు డబ్బా ముందుకు తీసుకెళ్లేది. "ముందు ఇది చూడండి, తర్వాత మీ సంగతులు చెబుదురుగాని" అనేది. నడుమెత్తు డబ్బా అది. చుట్టూ గొట్టాలు, తీగలు, గుర్రుపెట్టే పంపు ఒకటి. పక్కన అరచేయంత గుండ్రటి కిటికీ. అందులోకి తొంగి చూస్తే లోపల ఒక లోహపు పళ్లేన్ని అంటిపెట్టుకుని ఊదారంగు వెలుగు కనిపిస్తుంది. ఇరవై ఆరేళ్లుగా రోజూ చూస్తున్నా ఆ వెలుగు అంటుకున్న క్షణాన అత్త ఒళ్లు జల్లుమనేది. విద్యార్థులు ఆవిడకు ఆ పేరు పెట్టింది అందుకే. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రం ఉంది, దాంతో పిలిస్తే ఆవిడే వెంటనే పలకదు.

అత్త అక్కడికి వచ్చింది గాజు సామాన్లు కడగడానికి, అదీ మూడు నెలల కోసం. చదువు పదో తరగతితో సరి. ఒకరోజు ఆ డబ్బాలో వేసిన పూతలన్నీ పొట్టు పొట్టుగా రాలిపోతుంటే ప్రొఫెసరమ్మ తల పట్టుకుని కూర్చుంది. సింకు దగ్గర గాజు గొట్టాలు కడుగుతున్న ఈవిడ ఉండబట్టలేక, "మొన్న వెలుగు ఊదాగా ఉండేదండీ, నిన్నటి నుంచి గులాబీ రంగులోకి తిరిగింది. ఎక్కడన్నా గాలి దూరుతోందేమో" అంది. వెతికితే నిజంగానే ఒక రబ్బరు వాషరు పగిలి ఉంది. ప్రొఫెసరమ్మ ముక్కున వేలేసుకుంది. మర్నాడు బ్రష్షు లాక్కుని మిషను అప్పజెప్పింది. మూడు నెలలు కాస్తా ఇరవై ఆరేళ్లయ్యాయి.

ఆ డబ్బా చేసే పని ఏమిటో అత్త చెబితేనే వినాలి. ముందు లోపలి గాలినంతా పంపు తోడేస్తుంది. తర్వాత కాస్త ఆర్గాన్ వాయువు వదులుతారు. కరెంటు పెట్టగానే ఆ వాయువులోని పరమాణువులు కొన్ని తమ ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని అయాన్లవుతాయి. ఎదురుగా ఉన్న లోహపు పళ్లేనికి రుణ విద్యుత్తు ఉంటుంది కాబట్టి దాని మీదికి దూసుకెళతాయి. ఆ దెబ్బకు పళ్లెంలోంచి లోహపు పరమాణువులు ఎగిరిపడి, ఎదురుగా ఏ వస్తువు పెడితే దాని మీద వాలి పూతలా పరుచుకుంటాయి.

"అంటే వేడికి కరిగి ఆవిరవుతుందా అత్తా?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. అత్త ఒంటికాలి మీద లేచేది. "కరగడానికి అదేమన్నా వెన్నా? గోలీలాడలేదూ మీరు? కుప్పలోకి గురిచూసి ఒక గోలీ కొడితే ఏమవుతుంది? తగిలింది పక్కదాన్ని నెడుతుంది, అది ఇంకోదాన్ని నెడుతుంది. నెట్టుడు నెట్టుడు తిరిగి పైకొచ్చి అంచున ఉన్న గోలీ టప్పున బయటికి ఎగురుతుంది. ఇదీ అంతే. అయాన్ ఒక్కటి వచ్చి కొడితే ఒకటో రెండో లేస్తాయి. క్షణానికి కోట్ల కోట్లు కొడుతున్నాయి మరి!" చెబుతున్నంతసేపూ చేతులు గాల్లో ఆడుతూనే ఉండేవి. చివర్లో మాత్రం వేలు చూపించి ఒకే మాట గట్టిగా చెప్పేది. "మిషను అబద్ధం ఆడదు. ఆడితే మనమే ఆడాలి."

ఇంట్లో మాత్రం ముప్పై నాలుగేళ్లుగా ఒక అబద్ధం తిరుగుతోంది. అది ఎవరిదో తేలలేదు.

అత్త వాళ్ల నాన్న, బాబాయి ఇద్దరూ ఒకే యంత్రాల కర్మాగారంలో ఫిట్టర్లు. ఒకే మేస్త్రి చేతికింద ఆకురాయి పట్టడం నేర్చుకున్నారు. అక్కడ ప్రతి పనివాడికీ ఒక నంబరు ఉండేది. తన పనిముట్టు మీద ఆ నంబరును ఉక్కు అచ్చుతో కొట్టుకునేవాడు. నాన్నది ఇరవై ఏడు. బాబాయిది పద్దెనిమిది. పని నేర్చుకున్నాక పరీక్షకు ఇద్దరూ చెరో మూలమట్టం చేశారు, మూల సరిగ్గా తొంభై డిగ్రీలు ఉందో లేదో చూసుకునే ఉక్కు పనిముట్టన్నమాట. మేస్త్రి దగ్గరున్న మూలమట్టాన్ని ముందు పెట్టుకుని, దాన్ని చూసి చూసి, ఆరు వారాలు చేత్తో రాకి చేశారు. పరీక్షకిచ్చినవి మళ్లీ వాళ్ల చేతికి రాలేదు.

పాతికేళ్ల తర్వాత మేస్త్రి పని మానేసి ఊరు వదిలి వెళ్లిపోతూ వాళ్ల బల్ల మీద ఒక పొట్లం పెట్టి వెళ్లాడు. లోపల ఒక మూలమట్టం, ఒక చీటీ. "నా చేతికింద తయారైన మంచి పనివాడికి" అని ఉంది, పేరు లేదు. మూలమట్టం మీద నంబరు ఉండాల్సిన చోట నున్నగా అరగదీసి ఉంది. నాన్న దాన్ని చూస్తూనే, "ఇది నేను పరీక్షకి చేసిందే, నా చెయ్యి నాకు తెలీదా?" అన్నాడు. బాబాయి, "కాదు, నాది" అన్నాడు. నంబరు ఎవరు అరగదీశారంటే, ముందే పొట్లం విప్పి నువ్వే అరగదీశావంటూ ఒకరి వేలు ఒకరి వైపు. మాటా మాటా పెరిగింది. మూలమట్టం అన్న ఇంట్లో ఉండిపోయింది, తమ్ముడు ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు.

అలాగని సంబంధాలు తెగిపోలేదు, అదే తమాషా. శుభకార్యాలకు ఇద్దరూ వస్తారు. ఒకే గదిలో ఉంటారు. "మంచినీళ్లు కావాలేమో ఆయన్ని అడుగు" అని అన్న అంటాడు. "అక్కర్లేదని ఆయనకు చెప్పు" అని తమ్ముడు అంటాడు. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం. మధ్యలో అత్త. తన పెళ్లిలో పెళ్లికూతురిగా కూర్చుని కూడా ఈ టపా పని చేసింది పాపం. ఆవిడ భర్త దర్జీ. "మీ వాళ్లిద్దర్నీ ఒకే గుడ్డకి కుట్టే సూది నా దగ్గర లేదు" అని ఆ రోజే చేతులెత్తేశాడు.

ఇలా ఉండగా నాన్నకు ఎనభై ఏళ్లు నిండబోతున్నాయి. ఆయన రోజూ తుడిచి గుడ్డలో చుట్టి దాచుకునే మూలమట్టం అంచుల్లో తుప్పు చుక్కలు మొదలయ్యాయి. అత్తకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పంపు బాగుచేయించాక మిషనును ఎలాగూ ఒకసారి ఉత్తినే నడిపి చూడాలి. ప్రొఫెసరమ్మను అడిగి అదే ఊపులో దీని మీద సన్నటి క్రోమియం పూత వేసేస్తే, అద్దంలా మెరుస్తుంది, తుప్పు దాని జోలికి రాదు. నాన్న చేతిలో పెట్టేసరికి ఆయన మొహం ఎలా వెలుగుతుందో తల్చుకుని ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ మిషనుకు ఒక స్విచ్చు ఉంది. దాన్ని 'కింద'కి తిప్పితే అయాన్లు మనం పెట్టిన వస్తువునే కొడతాయి. దాని మీది మురికీ తుప్పూ ఎగిరిపోతాయి. ఇది అయిదు నిమిషాల కడుగుడు. తర్వాత 'పైకి' తిప్పాలి. అప్పుడు దెబ్బలు క్రోమియం పళ్లేనికి పడతాయి, పూత వస్తువుకు పడుతుంది. వెలుగు ఎక్కడ అంటుకుని ఉందో కిటికీలోంచి చూస్తే సరి, స్విచ్చు ఎటుందో తెలిసిపోతుంది.

కానీ కిటికీ మసకబారి ఉంది. ఎగిరిన పరమాణువులు వస్తువు ఒక్కదాని మీదే వాలతాయా? కిటికీ అద్దం మీదా వాలతాయి. రెండు నెలలకోసారి ఆ అద్దం మార్చాలి. 'రేపు చూద్దాంలే' అనుకుంటూ నాలుగు నెలలు గడిపింది మన అత్త. ఇతరులెవరైనా ఆ పని చేస్తే చెవులు పిండేది.

ఆ రోజు పొద్దున, నాన్నకు చెప్పకుండా తెచ్చిన మూలమట్టాన్ని డబ్బాలో పెట్టి కడుగుడు మొదలుపెట్టింది. అయిదు నిమిషాలూ అవుతుండగా ఫోన్ మోగింది. నాన్న. "అమ్మాయ్, నా మూలమట్టం కనపడటం లేదే! ఆయన గానీ వచ్చాడేమో కనుక్కో!" అంటూ ఇల్లంతా గాలిస్తున్నాడు. "నా దగ్గరుంది నాన్నా, తుడవడానికి తెచ్చాను, కంగారు పడకు" అని సముదాయిస్తూనే కరెంటు పూర్తిగా పెంచింది. స్విచ్చు తిప్పడం మర్చిపోయింది. కిటికీలో మసక మసకగా ఊదారంగు కనపడింది. అది పైనో కిందో చూడాలన్న ధ్యాసే లేదు. నలభై నిమిషాలు అలాగే నడిచింది.

డబ్బా తెరిచి చూసేసరికి గుండె గుభేల్మంది. మెరవాల్సిన మూలమట్టం మంచు పట్టినట్టు తెల్లగా, గరుకుగా ఉంది. పూత లేదు సరికదా, ఉన్న పైపొరనే అయాన్లు తినేశాయి. అప్పుడు చూసింది స్విచ్చును. కిందకే ఉంది. ఇరవై ఆరేళ్ల అనుభవం, నాన్న ప్రాణంలా చూసుకునే వస్తువు మీదే ఇలా తగలడాలా! అక్కడే స్టూలు మీద కూలబడింది.

కాసేపటికి లేచి, ఎంత పాడైందో చూద్దామని దాన్ని దీపం కింద అటూ ఇటూ వంచింది. నంబరు అరగదీసిన చోట ఏదో గీత కనపడింది. భూతద్దం తెచ్చింది. ఒకటి! నిటారుగా, రెండు పక్కలా కాస్త ముదురు అంచుతో, ఒకటి అంకె! దాని పక్కన ఇంకో మరక ఉంది గానీ అది ఇంకా తేలలేదు. "అమ్మబాబోయ్!" అని గదంతా ప్రతిధ్వనించేలా అరిచింది. పక్క గదిలోంచి ప్రొఫెసరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆవిడా భూతద్దం పెట్టి చూసి అంతకంటే గట్టిగా అరిచింది.

"అచ్చు కొట్టినప్పుడు గుంట ఒక్కటే పడదుగా. ఆ గుంట అడుగున ఉన్న ఉక్కు కూడా నలిగిపోతుంది. ఆకురాయితో గుంటను తీసేశారు, నలుగుడు అలాగే ఉండిపోయింది. నలిగిన ఉక్కు, నలగని ఉక్కు అయాన్ల దెబ్బకి ఒకేలా అరగవు. అందుకే బయటపడింది" అంది ప్రొఫెసరమ్మ. "ఇంకాసేపు కొడితే రెండో అంకె కూడా వస్తుంది. మళ్లీ పెడతావా?"

అత్త భూతద్దం బల్ల మీద పెట్టేసింది. ఆవిడ ఉత్సాహమంతా అప్పుడే కాళ్లలోకి జారిపోయింది. మొదటి అంకె ఒకటి. నాన్నది ఇరవై ఏడు. బాబాయిది పద్దెనిమిది. ఇంక రెండో అంకె చూడటం దేనికి? అంటే నాన్న ముప్పై నాలుగేళ్లుగా తమ్ముడి వస్తువు దాచుకుని, తమ్ముణ్ణే దొంగను చేశాడన్నమాట. ఎనభయ్యో ఏట ఈ మాట ఆయన మొహం మీద ఎలా చెప్పడం? చెప్పకపోతే పోయె. గట్టిగా పాలిష్ పట్టి, మీద పూత వేసేస్తే ఆ ఒకటి ఎవరికీ కనపడదు. ప్రొఫెసరమ్మ నోరు విప్పే మనిషి కాదు.

పాలిష్ గుడ్డ చేతిలోకి తీసుకుంది కూడా. మళ్లీ బల్ల మీద పడేసింది. 'మిషను అబద్ధం ఆడదు, ఆడితే మనమే ఆడాలి' అని ఎంతమందికి చెప్పింది! ఇప్పుడు తన వంతు వచ్చేసరికి గుడ్డ పట్టుకుంది. తనమీద తనకే ఒళ్లు మండింది. బాబాయి ముప్పై నాలుగేళ్లుగా మోస్తున్న నింద సంగతేమిటి? ఆ రోజే కిటికీ అద్దం మార్చింది. సాయంత్రం ఇద్దరికీ ఫోన్ చేసింది. "నంబరు బయటపడుతోంది. రేపు పది గంటలకు వచ్చి మీ కళ్లతో మీరే చూసుకోండి" అని చెప్పి, ఇంకో ప్రశ్నకు ఆస్కారం ఇవ్వకుండా పెట్టేసింది.

తొమ్మిదిన్నరకే ఇద్దరూ దిగారు. నాన్న ఇస్త్రీ చొక్కాలో, గెలుపు తనదే అన్నట్టు. బాబాయి కూడా ఇస్త్రీ చొక్కాలోనే, అదే మొహంతో.

"ఆ స్టూలు ఆయన్ని తీసుకోమను, మోకాళ్ల నొప్పులు కదా" అన్నాడు నాన్న.

"నాకేం నొప్పుల్లేవు, ఆయన్నే కూచోమను" అన్నాడు బాబాయి.

"ఎవరూ కూర్చోవద్దు, ఇటు రండి" అని అత్త ఇద్దర్నీ కిటికీ ముందుకు లాగింది. స్విచ్చు కిందకి తిప్పింది. ఈసారి కావాలనే. పంపు గుర్రుపెట్టింది, వాయువు చేరింది, కరెంటు అందుకుంది. మూలమట్టం ఒళ్లంతా ఊదారంగు వెలుగు చుట్టుకుంది. చిన్న కిటికీ, రెండు తలలు. చూడాలంటే చెంపకు చెంప ఆనించక తప్పలేదు.

"ఓరి దీని తస్సాదియ్యా! మండుతోందా అది?" అన్నాడు బాబాయి.

"మంట కాదు బాబాయ్, దెబ్బలు. కంటికి కనపడనంత సన్నటి ఆకురాయితో రాస్తున్నట్టు అనుకో. ఒక్కో పరమాణువే లేస్తుంది."

"పరమాణువు చొప్పున రాకడమా! మన మేస్త్రి చూసుంటే ఎగిరి గంతేసేవాడు" అన్నాడు నాన్న. ఎవరితో అన్నాడో ఆయనకే తెలీదు. ఇరవై నిమిషాలు ఇద్దరూ అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ ఇద్దరు పనివాళ్ల కళ్లూ అలా మెరవడం అత్త చాలా ఏళ్ల తర్వాత చూసింది. భయంలో కూడా ఆవిడకు ముచ్చటేసింది.

డబ్బా తెరిచింది. చేతికి తొడుగు వేసుకుని మూలమట్టాన్ని దీపం కింద పెట్టింది. చూసే ధైర్యం లేక భూతద్దం బాబాయి చేతికిచ్చింది.

"ఒకటి!" బాబాయి గొంతు చించుకుని అరిచాడు. "మొదటి అంకె ఒకటి! నాది పద్దెనిమిది! ముప్పై నాలుగేళ్లు... విన్నావా అమ్మడూ, ఆయనకు చెప్పు!"

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. అత్త ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకుని భూతద్దం లాక్కున్నాడు. వంగి చూశాడు. చూసి, "ఏడు!" అన్నాడు. "రెండో అంకె ఏడు! ఎనిమిదంటే రెండు సున్నాలుండాలి, ఎక్కడున్నాయి? ఇది ఏడు! నాది ఇరవై ఏడు!"

"ఒకటి కనపడటం లేదా నీకు?"

"ఏడు కనపడటం లేదా నీకు?"

"ఒకటి, ఏడు" అంది అత్త నెమ్మదిగా. "పదిహేడు. పదిహేడు ఎవరిది?"

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఇన్నేళ్లకు మొదటిసారి తిన్నగా.

"మేస్త్రిది" అన్నాడు బాబాయి.

"మేస్త్రిదే" అన్నాడు నాన్న. ఇప్పుడు స్టూలు మీద కూర్చున్నాడు. "మనం చూసి చేసింది దీన్నే కదరా. పరీక్షప్పుడు ముందు పెట్టుకున్నది."

"నీకు గుర్తుందా, మనకి చెరో ఆకురాయి ఇచ్చాడు. ఇచ్చేముందు దాని మీద తన నంబరు రాకేసి ఇచ్చాడు. 'ఇకనించి నీది, నీ నంబరు కొట్టుకో' అన్నాడు."

"అవునురా. మరి ఇది చూసినప్పుడు ఆ మాట ఎందుకు తట్టలేదు మనకి?"

"ఎలా తడుతుంది? అచ్చం నేను చేసినట్టే ఉంటేనూ!"

"నీకూ అలాగే అనిపించిందా?" అన్నాడు నాన్న. "అబద్ధమాడుతున్నావనుకున్నానురా. ఇన్నేళ్లూ."

"నేనూ అంతే అన్నయ్యా."

అత్త ఏడుస్తోంది, నవ్వుతోంది, తొడుగు వేసుకున్న చేత్తోనే ముక్కు తుడుచుకుంటోంది. ఎవరూ అబద్ధం ఆడలేదు! ఇద్దరూ మేస్త్రి చేతిని అంత బాగా పట్టేశారు, ఆయన పని చూసి తమదే అనుకున్నారు. అంతే జరిగింది. ఆ సంతోషం పట్టలేక వెళ్లి ప్రొఫెసరమ్మను గట్టిగా కావలించుకుంది.

కిందనున్న వర్క్‌షాపులోంచి నంబరు అచ్చుల పెట్టె, సుత్తి తెప్పించారు. మేస్త్రి చెప్పిన మాట ఇంకా మిగిలే ఉంది కదా. "కొట్టరా నీది" అన్నాడు నాన్న. బాబాయి పదిహేడు పక్కన రెండు దెబ్బల్లో పద్దెనిమిది దించి, సుత్తి అన్నకిచ్చాడు. నాన్న ఎడం చేత్తో అచ్చు పట్టుకుంటే అది వణికింది. నిలబడలేదు. బాబాయి వంగి తన వేళ్లతో ఆ అచ్చు పట్టుకున్నాడు.

"వేలు జాగ్రత్తరా, గురి తప్పుతుందేమో."

"తప్పితే తప్పనీ, కొట్టన్నయ్యా."

నాన్న కొట్టాడు. రెండు, ఏడు. వేలికి తగల్లేదు.

అత్త మూలమట్టాన్ని ఆల్కహాలుతో తుడిచి మళ్లీ డబ్బాలో పెట్టింది. అయిదు నిమిషాలు కడిగింది. స్విచ్చును పైకి తిప్పి, తిప్పిందో లేదో రెండుసార్లు చూసుకుంది. కొత్త అద్దంలోంచి వెలుగు పైనున్న పళ్లేనికి అంటుకుని స్పష్టంగా కనపడింది. రెండు తలలూ మళ్లీ కిటికీ దగ్గరికి చేరాయి.

"ఇప్పుడు దెబ్బలు దేనికి అమ్మడూ?" అన్నాడు బాబాయి.

"పళ్లేనికి బాబాయ్. దీనికిక చాలు."